గెడ్డ దారి గెడ్డదే!

వాన అనగానే మన ప్రేక్షకులకు ముందు పాట గుర్తొస్తుంది. 1964లో 'ఆత్మబలం'లో అక్కినేని, బి.సరోజాదేవి తడిసిన వాన... 1979లో 'వేటగాడు'లో ఎన్టీఆర్, శ్రీదేవి తడిసిన వాన... ఆ పాటలకు హాల్లో ఈలలు వేసిన కుర్రాళ్లకు ఇప్పుడు మనవలున్నారు. అయినా ఆ వానలింకా వెలియలేదు!

తెరమీద వానకు ఒక సుఖం ఉంది. ట్యాంకరులో నీళ్లొస్తాయి. పైపుల్లోంచి జల్లు కురుస్తుంది. డైరెక్టరు 'కట్' అనగానే ఠక్కున ఆగిపోతుంది. కురిసిన నీళ్లు ఆ తర్వాత ఎటు పోయాయని హీరో అడగడు, హీరోయిన్ అడగదు, మనమూ అడగం. అసలు వానతో వచ్చిన చిక్కల్లా ఆ ప్రశ్న దగ్గరే!

ఒక చిన్న లెక్క చూడండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. అదే 100 మిల్లీమీటర్ల వాన ఒక్క చదరపు కిలోమీటరు మీద పడిందనుకోండి... 10 కోట్ల లీటర్లు! 10,000 లీటర్లు పట్టే ట్యాంకర్లతో తేవాలంటే 10,000 ట్యాంకర్లు కావాలి. ఏ నిర్మాతైనా గుండె పట్టుకుని కూర్చోవాల్సిందే. విశాఖపట్నం లాంటి నగరమైతే ఒక చదరపు కిలోమీటరు కాదు, కొన్ని వందల చదరపు కిలోమీటర్లు. అంత నీరూ కొద్ది గంటల్లో దిగితే?

దిగింది కూడా. 2021 సెప్టెంబరు 26 రాత్రి 'గులాబ్' తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విశాఖకు చాలా దూరం. అయినా మర్నాటికి విశాఖలో రోడ్లు చెరువులయ్యాయి, పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, విమానాశ్రయం దాకా వరద వచ్చింది. అంతకుముందు 2005 సెప్టెంబరులో అయితే ఆ విమానాశ్రయమే మునిగి కొన్నాళ్లపాటు విమానాలు ఆగిపోయాయి.

ఇక్కడే ఎవరికైనా ఓ సందేహం రావాలి. పక్కనే అంత పెద్ద సముద్రం ఉంది కదా! పడ్డ నీళ్లన్నీ అందులోకి జారిపోవచ్చుగా? బీచి ఒడ్డున ఉన్న ఊరు మునగడమేమిటి?

ఈ ప్రశ్నకు జవాబు బీచిలో నిలబడితే దొరకదు. కాస్త కొండెక్కాలి. రండి, అనంతగిరి వెళ్దాం!

రైలెక్కండి!

విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కితే చాలు. కాస్త దర్జాగా వెళ్లాలనుకుంటే 2017లో ఈ దారిలోకి వచ్చిన అద్దాల బోగీ ఉంది. కొత్తవలస దగ్గర మెయిన్ లైను వదిలిపెట్టి బండి వాయవ్యానికి తిరుగుతుంది. శృంగవరపుకోట దాకా మామూలు ప్రయాణమే. మామిడితోటలు, తాటిచెట్లు, వరిచేలు. బొడ్డవర దాటాక మొదలవుతుంది అసలు సినిమా!

బండి మలుపులు తిరుగుతూ ఎక్కుతూ ఉంటుంది. ఓ సొరంగం... వెలుగు... మళ్లీ సొరంగం. చీకటి పడినప్పుడల్లా కుర్రకారు కేకలు వేయడం ఈ బండిలో ఆనవాయితీ. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే వెనక్కి పోతుంటాయి. శిమిలిగుడ చేరేసరికి మీరు సముద్రమట్టానికి 996 మీటర్ల పైన ఉంటారు. పొద్దున ఆ సముద్రం పక్కనే కదా కాఫీ తాగి బయల్దేరారు!

ఈ లైను మన విహారయాత్రల కోసం వేసింది కాదు సుమండీ. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి 1960ల్లో కొండల్ని తొలిచి వేశారు. వానాకాలంలో భారీ వర్షం పడితే పైనుంచి బండలు జారి పట్టాల మీద పడతాయి. అలాంటప్పుడు బండి ఎక్కడికక్కడ నిలిచిపోతుంది. కొండను కోసి దారి వేసినచోట నీరు తన కోపం ఎలా చూపిస్తుందో తెలుసుకోవడానికి ఇదే మొదటి పాఠం.

రోడ్డు మీద రావాలనుకునేవాళ్లకు శృంగవరపుకోట నుంచి ఘాట్ రోడ్డు ఉంది. ఎక్కుతున్నకొద్దీ చెవులు దిబ్బళ్లు పడతాయి, గాలి చల్లబడుతుంది. అనంతగిరి దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు రెండుపక్కలా నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని చుట్టుకుని పాకిన మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ మొక్కలు. మంచు కమ్మిందంటే పది అడుగుల అవతల మనిషి కనబడడు. ఏ కెమెరామన్‌కైనా నోరూరే లొకేషను!

అనంతగిరి వానను ఏం చేసుకుంటుంది?

ఇక్కడ వాన పడుతున్నప్పుడు కాసేపు ఓపికపట్టి చూడండి. చినుకు తిన్నగా నేలమీద పడదు. ముందు పెద్దచెట్టు ఆకు మీద పడుతుంది. అక్కణ్ణుంచి కాఫీ ఆకు మీదికి, దాని నుంచి కింద రాలిన ఎండుటాకుల మీదికి దిగుతుంది. నేలను తాకేసరికి దాని దూకుడంతా పోతుంది. వేళ్లు చేసిన కన్నాల్లోంచి మెల్లగా లోపలికి ఇంకుతుంది. వాన వెలిసి ఎండ వచ్చాక కూడా చెట్ల కింద టప్ టప్ మంటూ చినుకులు రాలుతూనే ఉంటాయి. కొండ అంత నింపాదిగా ఖర్చుపెడుతుందన్నమాట!

లోపలికి వెళ్లిన నీరు ఊరికే ఉండదు. కొన్నాళ్లకు కిందెక్కడో ఊటగా బయటికొస్తుంది. ఊటలు కలిస్తే గెడ్డ అవుతుంది. ఉత్తరాంధ్రలో వాగును 'గెడ్డ' అంటారు. ఇక్కడి గిరిజనుల ఊళ్లకు ఆ ఊటలే తాగునీరు. కొండదొరలు, భగతలు, వాల్మీకులు, కోటియాలు, పోర్జాలు, గదబలు... ఎవరి గూడెం చూసినా నీళ్లకు దగ్గర్లో, కానీ నీళ్లు వచ్చే దారికి కాస్త ఎడంగా ఉంటుంది. లోయల్లో వరిమళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి. పైమడి నిండాకే నీరు కింది మడికి జారుతుంది. గెడ్డ దారికి మాత్రం ఎవరూ అడ్డం వెళ్లరు. ఆ దారి దానిది!

ఇక బొర్రా గుహల సంగతి. ఒకప్పుడు కొండమీద మేస్తున్న ఆవు ఒకటి పైనున్న కంతలోంచి గుహలో పడిందని, దాన్ని వెతుక్కుంటూ వెళ్లిన కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనబడిందని ఇక్కడివాళ్లు కథ చెబుతారు. లోపలి నుంచి వచ్చే నదికి అందుకే గోస్తని అని పేరు. ఆవు పొదుగు అన్నమాట. కథ అలా ఉంచితే, ఈ గుహలన్నీ నీళ్లు చెక్కినవే. గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న వాననీరు సున్నపురాయిని కరిగిస్తూ, చుక్కచుక్కగా కారుతూ లక్షల ఏళ్లు పనిచేస్తే ఇంత పెద్ద సెట్టు తయారైంది. ఏ ఆర్ట్ డైరెక్టరూ వేయలేని సెట్టు! పైకప్పు మీంచి రైలు పోతుంటుంది. లోపల ఆ చుక్కలు ఇప్పటికీ కారుతూనే ఉన్నాయి.

ఆ గోస్తని కొండ దిగి, తాటిపూడి జలాశయంలో కాస్త ఆగి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. భీమిలి అనగానే మన పాఠకులు చెవులు రిక్కిస్తారని తెలుసు. 1978లో కె.బాలచందర్ 'మరో చరిత్ర'లో కమల్‌హాసన్, సరితలను తిప్పిన తీరం అదే కదా! ఆ సినిమా చూసొచ్చి ఎంతమంది కుర్రాళ్లు విశాఖ బండెక్కారో! ఆ తర్వాత జంధ్యాలగారు కూడా 'నాలుగు స్తంభాలాట' (1982) లాంటి చిత్రాలతో ఈ ఊరిని మన ఇంట్లో మనిషిని చేసేశారు.

అసలు విశేషం ఇంకొకటుంది. ఆ తాటిపూడి నీళ్లు విశాఖ తాగుతుంది! ఈ కనుమల్లోనే పుట్టిన శారదానది మీది రైవాడ జలాశయం నీళ్లూ తాగుతుంది. అంటే అనంతగిరి అడవి మీద పడిన చినుకు కొన్నాళ్లకు విశాఖలో ఏ ఇంటి కుళాయిలోనో తేలుతుందన్నమాట. కాబట్టి విశాఖను ముంచుతున్న నీళ్లు ఈ కొండలవి కావు. ఈ కొండలు ఆ ఊరికి దాహం తీరుస్తున్నాయి. మరి ముంచుతున్నవి ఎక్కడివి?

ఊరి పేర్లే చెబుతున్నాయి

ఇప్పుడు కొండ దిగి విశాఖ వీధుల్లోకి రండి. ఈసారి సముద్రం వైపు చూడకండి. బస్సుల మీద రాసిన పేర్లు చూడండి.

సీతమ్మధార. మాధవధార. ధార అంటే ఏమిటండీ? కొండ నుంచి జాలువారే నీరు. హనుమంతవాక. వాక అంటే వాగు, ఏరు. ముడసర్లోవ. లోవ అంటే కొండల నడుమ లోయ. నగరానికి తొలినాళ్లలో తాగునీరిచ్చిన చెరువు అక్కడే ఉంది. చావులమదుం. మదుం అంటే నీళ్లు పోయే తూము. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ, మేహాద్రిగెడ్డ... వీటికి అర్థం చెప్పనక్కర్లేదు, ఇందాక అనంతగిరిలో నేర్చుకున్నాం కదా!

ఒక్క నగరంలో నీళ్ల మీద ఇన్ని పేర్లా? ఎందుకుండవు! విశాఖ ఓ గరిటెలాంటి ఊరు. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండల వరస. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్, యారాడ కొండలు. నడుమ పల్లం. కొండలమీద పడిన వాన చిన్నచిన్న గెడ్డల్లో దిగి ఆ పల్లంలోకి వస్తుంది. ఆ పల్లం ఒకప్పుడు పెద్ద ఉప్పుటేరు, బురదనేల. వాన నీరంతా అక్కడ తీరిగ్గా పరుచుకుని, ఆటుపోట్లు చూసుకుని, నెమ్మదిగా సముద్రంలోకి వెళ్లేది. ఆ బురదనేలను తవ్వే 1933లో రేవు తెరిచారు. విమానాశ్రయమూ మేహాద్రిగెడ్డ పక్కన ఆ పల్లంలోనే వచ్చింది. ఊరు పెరిగింది. రేవుతోపాటు ఫ్యాక్టరీలు వచ్చాయి, కాలనీలు వచ్చాయి. తప్పనడానికి లేదు, లక్షలమందికి అన్నం పెట్టిన పెరుగుదల అది.

అయితే ఒక్కటి జరిగింది. గెడ్డను 'కాలువ' అన్నాం. తర్వాత 'డ్రైనేజి' అన్నాం. పేరు మారేసరికి మర్యాదా మారిపోయింది! గెడ్డ అన్నన్నాళ్లూ పక్కకు తప్పుకున్నవాళ్లం, డ్రైనేజి అనగానే దానిమీద పలక వేసి కొట్టు పెట్టుకోవచ్చనుకున్నాం. చెత్తంతా అందులో వెయ్యొచ్చనుకున్నాం. ముప్ఫై అడుగుల వెడల్పు కావలసినచోట మూడడుగులు మిగిల్చి 'ఇటు నుంచి వెళ్లవమ్మా' అన్నాం.

పైన కొండలు కూడా మునుపటిలా లేవు. చెట్టుండాల్సినచోట మేడ, మట్టి ఉండాల్సినచోట సిమెంటు. అనంతగిరిలో చినుకు ఆకునుంచి ఆకుకు దిగి ఇంకడానికి రోజులు పట్టిందే! ఇక్కడ డాబా మీద పడిన చినుకు నిమిషాల్లో రోడ్డు మీదుంటుంది. అన్ని డాబాల చినుకులూ ఒకేసారి వచ్చి ఆ మూడడుగుల సందు దగ్గర నిలబడతాయి. సినిమా హాలులో ఇంటర్వెల్‌కు అందరూ ఒకే తలుపు దగ్గర ఎగబడ్డట్టు! దానికితోడు సముద్రం పోటు మీద ఉందంటే, బయటికి పోవాల్సిన నీటిని అదే వెనక్కి నెడుతుంది. పక్కనే సముద్రం ఉన్నా ఊరు ఎందుకు మునుగుతుందో ఇప్పుడర్థమైందా?

జ్ఞానాపురం దగ్గర, చావులమదుం దగ్గర రైలు వంతెనల కింద ముందు నీళ్లు నిలుస్తాయి. అక్కడ బస్సులు ఆగిపోతాయి. ఆగకుండా మునిగేది మాత్రం గెడ్డ ఒడ్డున గుడిసెల్లో ఉండేవాళ్ల సామాను. అక్కడ తప్ప ఇంకెక్కడా జాగా కొనలేనివాళ్లు వాళ్లు. కొండవాలు మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లదీ అదే గతి. కిందివాళ్లకు నీళ్ల భయం, పైవాళ్లకు మట్టిపెళ్లల భయం. బీచిరోడ్డులో హోటలు గది కిటికీలోంచి వాన చూస్తూ వేడివేడి బజ్జీలు తినేవాళ్లకు వీళ్లెవరూ కనబడరు.

మద్రాసులో జరిగిందీ ఇదే

మన సినిమా చాలా ఏళ్లు కాపురం చేసిన ఊరు మద్రాసు. అక్కడ తెలుగువాళ్లకు పుట్టిల్లులాంటిది త్యాగరాయనగరు. పాండీబజారులో ఒకప్పుడు అడుగడుక్కూ తెలుగు నటులు, రచయితలు తగిలేవారు. ఆ త్యాగరాయనగరు 1920ల్లో ఎక్కడ కట్టారో తెలుసా? పెద్ద చెరువును పూడ్చి, ఆ చెరువు కడుపులో! పక్కనే పశ్చిమ మాంబళంలో 'లేక్ వ్యూ రోడ్డు' అని ఇప్పటికీ ఉంది. రోడ్డుంది, వ్యూ ఉంది, లేకే లేదు! 2015 డిసెంబరు మొదటి రోజుల్లో చెన్నైలో అడయారు పొంగినప్పుడు, ఊళ్లో లోతట్టు పేటలన్నీ మునిగినప్పుడు, ఆ పాత చెరువులన్నీ ఒక్కసారి మళ్లీ లేచి కూర్చున్నట్టయింది.

బొంబాయిలో 2005 జూలై 26న శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అక్కడ మీఠీనదిని ఎప్పుడో మురికికాలువను చేసేశారు. మన విజయవాడలో 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగర్ పైకొచ్చింది. అన్ని ఊళ్లదీ ఒకటే స్క్రీన్‌ప్లే, నటులే వేరు!

పైనా భద్రమేం కాదు

అలాగని అనంతగిరి చల్లగా ఉందిలే అని మురిసిపోవడానికి లేదు. 2014 అక్టోబరు 12న 'హుద్‌హుద్' తుపాను నేరుగా విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 185 కిలోమీటర్ల గాలి. నగరంలో చెట్లన్నీ నేలకూలాయని అందరికీ తెలుసు. ఈ కొండల్లో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓకులు వేలకు వేలు విరిగిపడ్డాయని తెలిసినవాళ్లు తక్కువ. నీడ పోతే కాఫీ పోతుంది. కాఫీ పోతే గిరిజన రైతుకు ఏటా చేతికొచ్చే డబ్బు పోతుంది.

ఈ కొండల కింద ఖనిజాలున్నాయి. వాటి మీద కన్నూ ఉంది. ఈ అనంతగిరి మండలంలోని బొర్రా, నిమ్మలపాడు ప్రాంతాల గనుల లీజుల మీద 'సమత' అనే సంస్థ కోర్టుకెక్కితే, 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వకూడదని! దేశంలో గిరిజన భూముల మాట వచ్చినప్పుడల్లా లాయర్లు 'సమత తీర్పు' అంటారే, అది ఈ గెడ్డల ఒడ్డున పుట్టిందే. ఆ తీర్పు గిరిజనుల భూమిని కాపాడింది. దాంతోపాటు ఆ భూమిలోని ఊటల్నీ కాపాడింది. ఆ ఊటలే దిగువకు చేరి విశాఖ కుళాయిల్లో పడుతున్నాయని వేరే చెప్పాలా?

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు

కటికి జలపాతానికి, ఇంకా లోపలున్న పేరులేని జలపాతాలకు ఇప్పుడు కుర్రకారు గుంపులు గుంపులుగా వెళుతున్నారు. వెళ్లండి, చూడాల్సిన చోట్లే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మీరు నిలబడ్డచోట ఎండకాస్తున్నా, పైన ఏ కొండమీదో వాన పడి ఉండొచ్చు. గెడ్డలో నీళ్లు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా సెల్ఫీ సంగతి తర్వాత, ముందు గట్టెక్కండి. గూడెంవాళ్లు "ఇయ్యాల గెడ్డ దాటొద్దు బాబూ" అన్నారంటే వాళ్లతో వాదించకండి. వాళ్లు చిన్నప్పటి నుంచి చూస్తున్న గెడ్డ అది.

నగరంలోనూ అంతే. రోడ్డు మీద పారే నీళ్లు మోకాలి లోతే కదా అని మోటారుసైకిలు దింపకండి. ఆ వడికి మనిషి కాళ్లు తేలిపోతాయి, ఇంకొంచెం లోతైతే కారే తేలుతుంది. నీళ్ల కింద మూతలేని మ్యాన్‌హోలు ఉందో లేదో ఎవరికి తెలుసు? హీరోకైతే డూపు ఉంటాడు. మనకు లేడు!

చివరగా ఒక చిన్న పని. ఈసారి విశాఖ వెళితే బీచి, కైలాసగిరి, అరకు చూశాక ఒక గంట మిగుల్చుకోండి. సీతమ్మధార నుంచో, మాధవధార నుంచో ఆ ధార నీళ్లు ఇప్పుడు ఎటు పోతున్నాయో కనిపెట్టుకుంటూ రేవు దాకా నడవండి. కొంతదూరం కనబడుతుంది, కొంతదూరం పలకల కింద మాయమవుతుంది, మళ్లీ నల్లగా తేలుతుంది. మీ సొంత ఊళ్లోనూ ఇలాంటి పేరున్న పేట ఒకటి ఉండే ఉంటుంది. చెరువుకట్ట వీధనో, వాగొడ్డు కాలనీ అనో... ఇల్లు అద్దెకు తీసుకునేముందు, జాగా కొనేముందు ఆ పేరు ఒకసారి పైకి చదవండి. మన పెద్దవాళ్లు వ్రాసిపెట్టిపోయిన హెచ్చరిక అది. కాగితాల మీద గెడ్డ చెరిగిపోయినా, గెడ్డకు తన దారి గుర్తే!